ఏ విధముగానూ పడరాదు

నాకూ గుడిమెళ్ళ శంభుప్రసాదు గారికీ పడదు. ఊళ్ళో వాళ్ళు ఇందులో తప్పు నాదేనంటారు. సింగరయ్యకు నోరెక్కువ, పెద్దవాళ్ళ దగ్గర ఒదిగి ఉండటం చేతకాదు అంటారు. అన్యాయం. నాకు ఎవరితోనూ, దేనితోనూ పడకూడదని గుండ్రటి ముద్ర కొట్టి ఆర్డరిచ్చింది ఆ శంభుప్రసాదు గారే. ఆ ఆర్డరును నేను అక్షరాలా పాటిస్తున్నాను, అంతే.

ఒంగోలు అవతల ఉమ్మడి పప్పుధాన్యాల గోదాముల మండలి అని ఒకటుంది. అందులో నేను కాటాదారుని. రైతు తెచ్చిన శనగల బస్తాను కాటా మీదికెక్కిస్తే, ముల్లు చూసి బరువెంతో అరిచి చెప్పడం నా పని. శంభుప్రసాదు గారు మండలికి ఉప కార్యదర్శి. తెలుగు ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి ప్యాసైన మనిషి. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. అప్పటికి లెక్కల్లో బారువడ్డీ అయిపోయింది, తెలుగులో సంధులు మొదలు కాబోతున్నాయి. ఆ సంధులు రాకముందే బయటికొచ్చిన పాపానికి ఇప్పుడు నా వెన్నుపూస జవాబు చెప్పుకుంటోంది.

శనగ దుమ్ము పీల్చీ పీల్చీ నా ఊపిరితిత్తులు గోనెపట్టాల్లాగా తయారయ్యాయి. డాక్టర్ రెహానా గారు స్టెరాయిడు మాత్రలు మొదలుపెట్టారు. ఊపిరి ఆడింది. ముఖం పూరీలాగా పొంగింది. మా ఆవిడ ఆదెమ్మ, పెళ్ళైన ఇన్నాళ్ళకు నీ మొహంలో కళ చూశానయ్యా అంది. మూడు నెలలు దాటాక డాక్టరమ్మ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది.

"ఇదుగో సింగరయ్యా, ఈ మాత్ర ఊపిరి ఇస్తది, ఎముక తింటది. అట్టాగని నీ అంతట నువ్వు ఆపేశావంటే ప్రాణం మీదికొస్తది. మాత్ర మానకుండానే ఎముకను మనం కాపాడుకోవాలి."

కాపాడుకోవడం పెద్ద కష్టమేమీ కాదన్నారు. పాలు తాగాలి, పెరుగు తినాలి. కాల్షియం బిళ్ళలు ఆమె ఇస్తారు. పొద్దున పూట ఒంటికి ఎండ తగలాలి. నడవాలి, ఒళ్ళు కదిలే పని చెయ్యాలి. వారానికొకసారి ఎముకల మాత్ర ఒకటి పరగడుపున గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కింద పడకూడదు. బస్తాల దొంతరలెక్కి లెక్కపెట్టే పని ఇకమీదట మానుకోమన్నారు.

కాబట్టి నేను మండలిని అడిగినవి రెండే. దొంతరలు ఎక్కమనకండి. ఆ వారం మాత్ర బయట కొనే తాహతు నాకు లేదు, మన మండలి దవాఖానాలో ఉంది, ఇప్పించండి. ఆ దవాఖానాలో తలనొప్పి బిళ్ళ దాకా కాంపౌండరే ఇస్తాడు. అంతకు మించినదేదైనా ఉప కార్యదర్శి సంతకం లేనిదే బీరువా దాటదు.

శంభుప్రసాదు గారు నా అర్జీ చదివి, నన్ను కిందినుంచి పైదాకా చూశారు. స్టెరాయిడంటే పహిల్వాన్లు వాడేది కదా, నీలో కండరాభివృద్ధి ఎక్కడా దృగ్గోచరం కావడం లేదే అని అనుమానపడ్డారు. ఇది వేరే జాతి స్టెరాయిడండీ అన్నాను. తర్వాత ఎముకల మాట రాగానే ఆయన కళ్ళు వెలిగాయి.

ఎందుకంటే ఆ సంవత్సరం పై ఆఫీసువారు 'అస్థి పరిరక్షణ సంవత్సరం' ప్రకటించారు. ప్రతి శాఖా ఒక ఉద్యోగి ఎముకలను పరిరక్షించి చూపించాలి. బాగా పరిరక్షించినవారికి శాలువా, జ్ఞాపిక. మా శాఖలో అప్పటిదాకా లబ్ధిదారుడు దొరకలేదు. కాలు విరిగిన వాచ్‌మన్ ఒకడున్నాడు గాని, విరిగిపోయినదాన్ని పరిరక్షించేదేముందని వదిలేశారు. విరగబోయే ఎముకలతో వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడే ఆర్డరొచ్చింది. శంభుప్రసాదు గారు స్వయంగా రాశారు.

"దీర్ఘకాలిక స్టెరాయిడు సేవనమునందున్న శ్రీ తోట సింగరయ్య, కాటాదారు, కార్యాలయ ఆవరణయందు ఏ విధముగానూ పడరాదు. పడినచో పర్యవేక్షకులు బాధ్యత వహింపవలసియుండును."

ఆర్డరుతోపాటు నన్ను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు. నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. పరిరక్షించబోయే వస్తువు కొలతలు ముందే తీసుకోవాలట.

ఆ పర్యవేక్షకులు అంటే హైమవతమ్మ గారు. చెడ్డ మనిషి కాదు. రెండేళ్ళలో పెన్షను. ఇన్నేళ్ళలో ఒక్క మెమో లేదు, ఇప్పుడు నా మూలంగా ఎక్కడ వస్తుందోనని ఆమె భయం. ఆర్డరు తీసుకుని రెండుసార్లు చదివి, "ఏ విధముగానూ" అన్న చోట వేలు పెట్టి ఆగిపోయింది.

మొదటి నాలుగు రోజులు నాకు స్వర్గమే. దొంతరలెక్కే పని లేదు. నాకొక చేతుల కుర్చీ వేసి, బస్తాలకు కట్టే పట్టాతో నడుముకు కట్టారు. అటూ ఇటూ ఇద్దరు హమాలీలు. అందులో మస్తాన్ అనేవాడు నాకు కావలసినవాడు. "అన్నా, నిన్ను చూస్తంటే ఊరేగింపుకు పెట్టిన దేవుడు గుర్తొస్తన్నాడు, కొబ్బరికాయ ఒకటి తక్కువ" అన్నాడు. నేనూ నవ్వాను. పట్టా బిగుతుగా ఉన్నా నవ్వాను.

ఐదో రోజు పొద్దున కిటికీలోంచి ఎండ వచ్చి నా మోకాళ్ళ మీద పడింది. పక్కనే ఉన్న గుమస్తా మామూలుగా, అమ్మగారూ, సింగరయ్య మీద ఎండ పడుతోంది అన్నాడు. హైమవతమ్మ పెన్ను కింద పెట్టింది. పడుతోంది అన్నావా అంది. పడుతోందన్నాడు. ఏ విధముగానూ అని ఉంది కదా మరి అంది. ఆమె వెంటనే పైకి కాగితం రాసింది, ఎండ పడవచ్చునా, పడరాదా అని.

శంభుప్రసాదు గారు భాష తెలిసిన మనిషి. ఆర్డరులో పడరాదు అనే క్రియకు కర్త ఎవరైనా కావచ్చునని, పడుట అనే ధాతువునే నిషేధించామని, కనుక సదరు ఉద్యోగి పడుటా, ఆయనపై ఇతరములు పడుటా రెండూ వర్జ్యములని వివరణ పంపారు. నా కుర్చీని కిటికీలేని పాత గోనెల గదిలోకి మార్చారు. డాక్టరమ్మ చెప్పిన ఎండ ఆ రోజుతో సరి.

ఇక అక్కడినుంచి హైమవతమ్మ గారికి నిద్ర లేదు. తెలుగు భాషలో ఎన్ని పడటాలున్నాయో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. నేను కష్టపడరాదు, కాబట్టి ముల్లు చూసే పని కూడా తీసేశారు. జబ్బుపడరాదు, కాబట్టి సెలవు లేదు. గది దాటి నా అడుగు బయట పడరాదు, కాబట్టి నడక లేదు. మధ్యాహ్నం ఆదెమ్మ సీసాలో పాలు పంపిస్తే, హైమవతమ్మ ఆ సీసా పట్టుకుని వచ్చింది.

"సింగరయ్యా, నీకు పాలు పడతాయా?"

"శుభ్రంగా పడతాయమ్మా. చిన్నప్పటినుంచీ పడతాయి."

ఆమె నిట్టూర్చింది. "పడేవి ఇవ్వకూడదయ్యా. పడనిది ఏదన్నా ఉంటే చెప్పు, తెప్పిస్తాను."

నాకు పడనిది గుమ్మడికాయ ఒక్కటే. తింటే ఒళ్ళంతా దద్దుర్లు. మండలి ఖర్చు మీద మర్నాటి నుంచి గుమ్మడికాయ కూర వచ్చింది. పాలు హైమవతమ్మ గారి పిల్లి తాగింది. ఆ పిల్లి ఎముకలు ఇప్పుడు ఉక్కు. గోడ మీదనుంచి దూకితే గోడ అదురుతుంది.

మధ్యాహ్నం పూట కాసేపు నడుం వాలుద్దామంటే పడుకోరాదన్నారు. ఆ మాటలో పడు ఉన్న సంగతి నాకూ తెలుస్తోంది, ఒప్పుకున్నాను. పోనీ లేచి నిలబడతాను, కాళ్ళు తిమ్మిరెక్కాయి అన్నాను. దానికీ కాగితం పోయింది. ఈసారి శంభుప్రసాదు గారే గోనెల గదికి విచ్చేశారు. ఆయనకు ఇటువంటి ప్రశ్న వచ్చినందుకు ఆనందంగా ఉంది.

"నిలువన్ అనే దానికి పడు చేరినప్పుడు నిలబడు అవుతుంది సింగరయ్యా. పకారము బకారముగా మారింది. వేషం మార్చినంత మాత్రాన దొంగ దొర అవుతాడా? బడు అన్నా పడు అన్నా ఒకటే. ఇది సరళాదేశం."

సరళాదేశం అంటే తేలికైన ఆర్డరు అనుకుని, నాకు సంబరమేసింది. అయ్యా, మీరు సరళంగా ఏ ఆదేశం ఇచ్చినా పాటిస్తాను, నిలబడనివ్వండి చాలు అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, ఏడో తరగతి పూర్తి చేసి ఉండవలసింది అన్నారు. సరళాదేశం సంధి పేరట. ఆ సంధి ప్రకారం నేను నిలబడరాదు, ఎవరికీ కనబడరాదు, వినబడరాదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

ఇవన్నీ పోనివ్వండి. పడుకోవద్దంటే కూర్చుంటాను, కనబడవద్దంటే దాక్కుంటాను. నాకు కావలసింది ఆ వారం మాత్ర. డాక్టరమ్మ పదేపదే చెప్పింది, అది లేకపోతే నీ వెన్నుపూస తడిసిన బిస్కట్టు అవుతుందని. నా అర్జీ ఎక్కడుందని కాంపౌండరును అడిగితే, అంతా అయిపోయింది, సంతకం పడటమే ఆలస్యం అన్నాడు. ఆ మాట విన్న క్షణంలోనే నాకర్థమైపోయింది, అది ఈ జన్మలో పడదని. నా అర్జీ మీద ఏదీ పడరాదు కదా. ముద్ర పడరాదు, సంతకం పడరాదు. నెలాఖరుకు హాజరులో నా పేరుకు గీత పడలేదు, బ్యాంకులో జీతం పడలేదు. ఆఫీసులో ఒక్కరూ దీన్ని అన్యాయం అనలేదు. భలే పకడ్బందీగా అమలవుతోంది అన్నారు.

డాక్టర్ రెహానా గారు కోపంగా ఒక ఉత్తరం రాసిచ్చారు. ఎండా, నడకా, మాత్రా మూడూ ఆపి ఎముకను కాపాడటం ఏ శాస్త్రంలో ఉందో తెలియజేయమన్నారు. ఆ ఉత్తరం మొదటి వాక్యంలోనే కొంప మునిగింది. "శ్రీ సింగరయ్య ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్నారు" అని రాశారామె. డాక్టర్లందరూ అట్లాగే రాస్తారు, పాపం ఆమెకేం తెలుసు. సాయంత్రానికి నాకు మెమో.

"నిషేధాజ్ఞలు అమలులో నుండగా తాము బాధపడుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. ఎంతకాలము నుండి, ఎవరి అనుమతితో బాధపడుచున్నారో మూడు దినములలో సంజాయిషీ ఇయ్యవలెను."

మస్తాన్ అది రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "అన్నా, బాధ లేదని రాసెయ్, తలకాయనొప్పి పోతది" అన్నాడు. రాసిచ్చాను. నాకే బాధా లేదు, ఎప్పుడూ లేదు, ఇకముందు కూడా ఉండబోదని వేలిముద్రలాంటి సంతకం పెట్టి ఇచ్చాను.

ఆ వారంలోనే ఇంట్లో దగ్గు వచ్చింది. పెద్ద దగ్గు కూడా కాదు. చెంబు తీసుకోవడానికి వంగి దగ్గాను. నడుము పైన ఎండు పుల్ల విరిగినట్టు టక్కుమంది. చెంబు చేతిలోనే ఉంది, నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఆదెమ్మ పొయ్యి దగ్గరనుంచి ఏంది ఆ చప్పుడు అంది. అది నేనేనని చెప్పలేకపోయాను. ఆమె వచ్చి నా మొహం చూసి, చెంబు నెమ్మదిగా తీసుకుంది. ఆ పూట ఆమె నన్ను ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అప్పుడు నాకు భయమేసింది.

ఎక్స్‌రే ఫోటో తీస్తే రెండు పూసలు అణిగినట్టు తేలింది. డాక్టరమ్మ పటం వెలుతురుకు పెట్టి చూపించింది. మాత్ర ఇప్పుడైనా పడకపోతే మిగతావీ అదే దారి అంది. పడకపోతే అనకండమ్మా, మీకు దణ్ణం పెడతాను అన్నాను.

ఆదెమ్మ మర్నాడు నాకు చొక్కా తొడిగి, నన్ను ఆటోలో ఎక్కించుకుని మండలికి వచ్చింది. నేను కనబడరాదు కాబట్టి నన్ను గోనెల గదిలో కూర్చోబెట్టి తాను నేరుగా శంభుప్రసాదు గారి గదిలోకి పోయింది. తలుపు తీసే ఉంది, మాటలన్నీ నాకు వినిపించాయి. ఆయన చాలాసేపు ధాతువుల గురించి చెప్పారు. సంతకం పడుట నియమోల్లంఘన అవుతుందని, తనకు వ్యక్తిగతంగా సానుభూతి ఉన్నదని, కాని సానుభూతిపడుట కూడా ప్రస్తుతం సాధ్యం కాదని చెప్పారు. ఆదెమ్మ అంతా వింది.

"పడొద్దులే అయ్యా," అంది. "పెట్టు. సంతకం పెట్టు."

లోపల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"పెట్టుట," అన్నారు శంభుప్రసాదు గారు నెమ్మదిగా. కొత్త మిఠాయి నోట్లో వేసుకున్న మనిషిలాగా ఇంకోసారి అన్నారు. "పెట్టుట. పెట్టుటను మనం నిషేధించలేదు."

పెట్టారు. పొడుగ్గా, కింద గీతతో సహా పెట్టారు. ఆ పూటే మాత్ర చేతికొచ్చింది. ఇంత తేలిక మాట ముందే చెప్పి ఉండవచ్చు కదా అని నేను ఆదెమ్మను విసుక్కున్నాను. నన్ను అడిగావా అంది.

ఇక్కడితో కథ అయిపోతే నాకు శంభుప్రసాదు గారి మీద ఇంత కక్ష ఉండేది కాదు. ఆయన రాత్రంతా నిఘంటువు ముందేసుకుని కూర్చుని, మర్నాడు రెండో ఆర్డరు తీశారు. సదరు ఉద్యోగి విషయమున పడుట పూర్వమువలెనే నిషిద్ధము. పెట్టుట యథేచ్ఛగా అనుమతింపబడినది.

దానివల్ల మేలు జరగలేదని అనను. ఎండ నా మీద పడరాదు గాని, నన్ను ఎండబెట్టవచ్చు. ఎండన్ ప్లస్ పెట్టు, ఇదీ సరళాదేశమేనట. రోజూ పొద్దున మస్తానూ వాళ్ళూ నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళి కళ్ళంలో శనగల పక్కన ఎండబెట్టేవారు. తేమ ఎంతుందో చూస్తామని వచ్చిన నాణ్యతల ఆయన శనగలతోపాటు నన్నూ తడిమి చూసి పోయేవాడు. నేను నిలబడరాదు గాని, నన్ను నిలబెట్టవచ్చు. మాత్ర మింగగానే ఇద్దరు హమాలీలు చంకల్లో చేతులు వేసి అరగంట నిలబెట్టేవారు. పాలు పడరాదు గాని, పెట్టవచ్చు. పాలూ పెరుగన్నమూ మళ్ళీ వచ్చాయి, పిల్లి చిక్కిపోయింది.

కాని నన్ను కష్టపెట్టడం, ఇబ్బందిపెట్టడం, భయపెట్టడం, బాధపెట్టడం కూడా అదే ఆర్డరు కింద అనుమతి అయిపోయాయి. ఆఫీసులో ఇంతకాలం ఊరికే చేసినవాళ్ళు ఇప్పుడు నిబంధన చూపించి చేశారు.

సంవత్సరం చివర పై ఆఫీసునుంచి కార్యదర్శిగారు వచ్చారు. శంభుప్రసాదు గారు సభ ఏర్పాటు చేశారు. లబ్ధిదారుణ్ణి చూడాలన్నారు కార్యదర్శిగారు. ఆయన కనబడరాదండీ అని, నా మీద టార్పాలిన్ కప్పి వేదిక మీద పెట్టారు, దాని చిరుగులోంచి నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. వినబడరాదు కాబట్టి మాట్లాడవద్దన్నారు. కార్యదర్శిగారు టార్పాలిన్‌కు నమస్కారం పెట్టి, ఈ సంవత్సరంలో ఎన్నిసార్లు పడ్డాడు అని అడిగారు. ఒక్కసారి కూడా లేదని శంభుప్రసాదు గారు చెబితే చప్పట్లు మోగాయి. నిజమే. నేను ఒక్కసారి కూడా పడలేదు.

తర్వాత పద్ధతి ప్రకారం టార్పాలిన్‌తోనే నిలబెట్టి నా ఎత్తు కొలిచారు. టేపు పట్టిన హైమవతమ్మ గారు టేపును ఇంకోసారి సరిచూసుకుంది. నూట అరవై మూడున్నర. అప్పుడెంత అని కార్యదర్శిగారు అడిగారు. నూట అరవై ఎనిమిది అని ఆమె మెల్లగా అంది. పెన్షను మాట ఆమెకు గుర్తొచ్చినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శంభుప్రసాదు గారు తొణకలేదు. "కుంగుట వేరు, పడుట వేరు. మన ఆజ్ఞలో కుంగుట ప్రస్తావన ఎక్కడా లేదు," అన్నారు. కార్యదర్శిగారు తల పంకించి, దాన్ని 'స్వల్ప అవనతి'గా రాసుకోమన్నారు. శాలువా కప్పారు, శంభుప్రసాదు గారికి. నాకు టార్పాలిన్ ఉంది కదా.

నెల తిరక్కముందే ఇంకో కాగితం వచ్చింది. కాటాదారు ఉద్యోగానికి కనీస ఎత్తు నూట అరవై అయిదట. అంతకంటే తక్కువవాడికి ముల్లు సరిగా అందదట. నేను అర్హత కోల్పోయాను. పథకంలో ఉన్నవాణ్ణి, బయటపడరాదు కదయ్యా అని శంభుప్రసాదు గారిని అడిగాను. ఆ ఒక్కసారి ఆయన నాకు సూటిగా సమాధానం చెప్పారు.

"బయటపడరాదు సింగరయ్యా. అందుకే మేమే బయటపెడుతున్నాము."

ఇప్పుడు నేను పొద్దున్నే ఎండలో నడుస్తాను. పాలు తాగుతాను, వారం మాత్ర అప్పోసప్పో చేసి బయట కొని మింగుతాను, అరగంట నా కాళ్ళ మీద నేనే నిలబడతాను. డాక్టరమ్మ మిగతా పూసలు పదిలంగా ఉన్నాయంది. దారిలో ఎదురైనవాళ్ళు పరామర్శగా, ఆ మండలితో పెట్టుకుని ఏమాత్రం పోగొట్టుకున్నావు సింగరయ్యా అని అడుగుతారు. నాలుగున్నర అంటాను. నాలుగున్నర సెంట్లేగా, ఒక ఇంటి స్థలం పోయిందనుకో, పోనీలే అంటారు. మా వైపు ఎవడికేం పోయినా ముందు నేలే అనుకుంటారు.

తిరుపతి కొండ మీద మొక్కుకున్నవాళ్ళు ఒంటి మీద ఉన్నదంతా హుండీలో వేసి నిలువు దోపిడీ ఇస్తారు. నేను ఏమీ మొక్కుకోలేదు. ఒంటి మీదిది ముట్టుకోకుండా, నిలువులోంచే దోచారు. సెంట్లు కాదయ్యా, సెంటీమీటర్లు. నాలుగున్నర.